వారానికి మూడు రోజులు

భీమవరం,
16 నవంబర్ 2025

ఒరేయ్ మావా,

నీ మెసేజ్ చూశాక ఇది ఫోన్లో తేలే సంగతి కాదనిపించింది. అందుకే ఆదివారం తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. మీ టీమ్‌లో ఇద్దర్ని తీసేశారన్నావు. మిగతావాళ్ళు నోరు విప్పడం లేదన్నావు. మీ హెచ్‌ఆర్ వాళ్ళేమో ఎవరో స్పీకర్‌ని పిలిపించి అందరిలో ఉత్సాహం నింపుతామంటున్నారట. "మీ రొయ్యల ప్లాంట్లో జనాన్ని ఎలా నిలబెడుతున్నావురా?" అని అడిగావు కాబట్టి, మా దగ్గర ఏం జరుగుతోందో ఉన్నదున్నట్టు చెప్తా.

మా కష్టం పేపర్లో చదివే ఉంటావు. ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది. రొయ్య మీద అంతకుముందే ఉన్న యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ (సర్కారు రాయితీలకి విరుగుడుగా వేసేది) సుంకాలు కూడా కలుపుకుంటే 58 శాతం దాకా వెళ్ళింది. ఈక్వెడార్ మీద వేసిన కొత్త సుంకం 15 శాతమే. ఇక బయ్యర్ ఎటు పోతాడో నీకు నేను చెప్పాలా? 2024-25లో దేశం నుంచి 7.4 లక్షల టన్నుల రొయ్య ఎగుమతైతే, అందులో 3.1 లక్షల టన్నులు ఒక్క అమెరికాకే వెళ్ళింది. మా ప్లాంట్లో రెండు షిఫ్టులు కాస్తా ఒకటైపోయింది.

రొయ్య ఒలిచే పీలింగ్ హాల్లో అంతా ఆడవాళ్ళే. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కంపెనీ బస్సులో వస్తారు. తెల్లారకముందే వంట చేసి, క్యారేజీ కట్టుకుని రోడ్డు మీదికి రావాలి. ఆర్డర్లు పడిపోయిన కొత్తలో, రేపు పనుందో లేదో రాత్రి పొద్దుపోయాక మేస్త్రి ఫోన్ చేస్తే గానీ తెలిసేది కాదు. ఫోన్ అందక, చీకట్లో బస్సు కోసం చూసిచూసి వెనక్కి వెళ్ళిపోయినవాళ్ళున్నారు. మనిషిని అన్నిటికంటే కుంగదీసేది అదేరా. పొలం పనికి ఒప్పుకుంటే ఇక్కడ పని పోతుందేమో, ఒప్పుకోకపోతే రెండూ పోతాయేమో అని రాత్రంతా అదే ఆలోచన. అలాంటి మనిషికి ధైర్యంగా ఉండమని చెప్తే ఏం లాభం?

అందుకని ముందు ఉన్న పనిని పంచాం. హాలు మొత్తాన్ని రెండు బ్యాచ్‌లు చేసి, ఒక్కో బ్యాచ్‌కి వారానికి మూడు రోజులు పని ఇస్తున్నాం. సగం మందిని మానిపించేసి మిగతావాళ్ళకి రోజూ పనిద్దామని ఆఫీసులో అన్నారు. నేను ససేమిరా అన్నాను. దానికి పెద్ద కారణం ఈఎస్‌ఐ, అదే కార్మికుల ఆరోగ్య బీమా. అక్టోబర్ నుంచి మార్చి దాకా ఉన్న ఆరు నెలల్లో కనీసం 78 రోజులకి చందా పడి ఉంటేనే, జులై నుంచి డిసెంబర్ మధ్య జబ్బు చేసి సెలవు పెడితే 70 శాతం జీతం చేతికొస్తుంది. ఆరు నెలలంటే 26 వారాలు. వారానికి మూడు రోజులు వేసుకుంటే సరిగ్గా 78. ఒక్క రోజు తగ్గినా కుదరదు కాబట్టి ఎవరికి ఎన్ని రోజులు లోటుందో పేరుపేరునా రాసిపెట్టాం. సరుకు ఎక్కువొస్తే ముందు వాళ్ళకే కబురు వెళ్తుంది. మొంథా తుఫాను వస్తోందనగానే రైతులు కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో) కూడా చూసుకోకుండా చెరువుల్లో రొయ్యంతా పట్టేశారు. అక్టోబర్ 28కి ముందు రెండు బ్యాచ్‌లూ వచ్చినా చేతులు చాలలేదు. తుఫాను దాటాక హాలు ఖాళీ. అలాంటప్పుడు ఆ లోటు పుస్తకం లేకపోతే ఎవరికి అన్యాయం జరిగిందో కూడా తెలియదు.

వచ్చే వారం పని ఎవరికి ఏ రోజో శనివారం సాయంత్రానికల్లా గేటు దగ్గర బోర్డు మీద రాసేస్తాం. రాశాక ఇక మార్పు లేదు. సరుకు రాకపోయినా బస్సు వెళ్తుంది, వచ్చినవాళ్ళకి రోజు కూలి పడుతుంది. యజమానిని ఒప్పించడానికి నేను ఎక్కువ కష్టపడింది దీనికే. బస్సులూ టీలూ తగ్గిద్దామని ఆయన ఉద్దేశం. పొద్దస్తమానం ఐసు నీళ్ళలో చేతులు పెట్టి నిలబడే మనిషికి టీ మానిపించి ఎంత మిగులుస్తామండీ అని అడిగాను. ఇంకోమాట కూడా చెప్పాను: రొయ్య నరం తెగకుండా ఒక్క లాగులో తీసే చేతులివి, ఒకసారి గల్ఫ్‌కి వెళ్ళిపోతే మళ్ళీ ఎక్కణ్ణుంచి తెస్తాం? ఆ మాట ఆయనకి బాగా పట్టింది.

సరుకు లేని రోజుల్లో నొబాషి నేర్పిస్తున్నాం. జపాన్‌లో పిండిలో ముంచి వేయించే టెంపురాకి వాడే రొయ్య అది. ఒలిచి, నరం తీసి, పొట్టవైపు అడ్డంగా చిన్నచిన్న గాట్లు పెట్టి, మెల్లగా నొక్కుతూ సాగదీయాలి. గాటు లోతైతే తెగుతుంది, తక్కువైతే వేగేటప్పుడు ముడుచుకుపోతుంది. మొదటి పూట ట్రేలో సగం తెగినవే. ఒకమ్మాయి మాత్రం రెండు బొటనవేళ్ళతో తోక నుంచి పైకి నొక్కుకుంటూ పోయింది. స్కేలు పెట్టి చూస్తే అన్నీ ఒకటే పొడుగు! మర్నాడు ఆ అమ్మాయినే నేర్పమన్నాం. వయసులో పెద్దవాళ్ళు కూడా చుట్టూ చేరి "ఏదీ, ఇంకోసారి చూపించవే" అంటుంటే హాల్లో చాన్నాళ్ళకి మాటలు వినిపించాయిరా. ఎంత సంతోషమేసిందో! ఆర్డర్ మాత్రం ఇంకా శాంపిల్ దగ్గరే ఉంది. ఖాయం కాదని వాళ్ళకి ముందే చెప్పాం.

మంచి వార్త చెప్పినా మొత్తం చెప్పాలి. సెప్టెంబర్‌లో యూరప్ మన దేశంలో చేపలు, రొయ్యలు ఎగుమతి చేసే ఇంకో 102 యూనిట్లకి అనుమతిచ్చింది. ఆ తర్వాత ఆస్ట్రేలియా పొట్టు తీయని రొయ్యకి ఒప్పుకుంది. ఇవి చదివి వినిపిస్తే, ఒక పెద్దావిడ "పొట్టుతోనే పంపితే మాకు పనేముంది బాబూ?" అని అడిగింది. నిజమే కదా! ఒలిచే పని తగ్గుతుందమ్మా, గ్రేడింగూ ప్యాకింగూ ఉంటాయి, అందరికీ సరిపోదు అని ఉన్నమాటే చెప్పాను. ఆవిడ టైగర్ రొయ్య రోజుల నుంచి ఈ పనిలో ఉంది. 90లలో తెల్లమచ్చ తెగులొచ్చి చెరువులకి చెరువులు ఎలా పోయాయో, వనామీ రకం రొయ్య వచ్చాక సాగు మళ్ళీ ఎలా పుంజుకుందో భోజనాల దగ్గర పిల్లలకి చెప్తూ ఉంటుంది. ఆవిడ మాటకున్న బలం నా మాటకి రాదు. తనకి అంతా చెప్తున్నామని నమ్మకం ఉంది కాబట్టే ఆవిడ మా వైపు నిలబడి మాట్లాడుతోంది.

ఇక నీ సంగతికొస్తా. ఆ స్పీకర్ వచ్చేలోపు నువ్వే ఒక్కొక్కరితో విడిగా కూర్చో. ఈ ప్రాజెక్టు ఎప్పటిదాకా ఉంటుందో నీకు తెలిసినంత చెప్పు. తెలియనిదైతే ఏ తేదీకి తెలుస్తుందో చెప్పు, ఆ తేదీన నువ్వే వెళ్ళి మాట్లాడు, కొత్త సంగతి ఏమీ లేకపోయినా సరే. వెళ్ళిపోయిన ఇద్దరి పనీ మిగతావాళ్ళ నెత్తిన గుట్టుగా పడేయకు. ఏది ఆపేస్తున్నామో పైవాళ్ళతో తేల్చుకుని అందరి ముందూ చెప్పు. ఆ ఇద్దరికీ ఫోన్ చేశావా? చెయ్యరా. వాళ్ళని నువ్వు ఎలా చూస్తున్నావో ఉన్నవాళ్ళు గమనిస్తూనే ఉంటారు. ఎవరైనా బాగా చేస్తే "వెల్ డన్ టీమ్" అని గ్రూపులో పెట్టి వదిలేయకుండా, ఏం బాగా చేశారో ఆ మనిషికే చెప్పు. అలాగే నువ్వు వేళకి ఇంటికెళ్ళు. రాత్రి రెండింటికి మెయిల్స్ పెడుతుంటే వాళ్ళకి ఇంకా టెన్షన్.

మాట్లాడాక వాళ్ళేమన్నారో నాకు రాయి. ముఖ్యంగా ఎవరైనా కోప్పడితే అది రాయి, దాని గురించి మనిద్దరం మాట్లాడుకోవాలి. సంక్రాంతికి పిల్లల్ని తీసుకుని వచ్చేయండి. టికెట్లు ఇప్పుడే చేయించు, తర్వాత దొరకవు. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
భీమవరం మావ