పాత నేరస్తుడన్న మాటకు గడువు లేదా?

సంపాదకుడికి,

అయ్యా,

మన జిల్లా పేజీల్లో వారానికి ఒకటి రెండుసార్లయినా ‘పాత నేరస్తుడి అరెస్టు’ అన్న శీర్షిక కనిపిస్తుంది. పట్టుబడిన మనిషి గతంలో ఏ సంవత్సరం ఏ కేసులో జైలుకు వెళ్లాడో వార్తలో వరుసగా ఉంటుంది. ఆ రెండు కేసుల నడుమ అతడు ఎన్నేళ్లు ఏ గొడవా లేకుండా బతికాడో, ఏం పని చేసుకున్నాడో, ఆ పని ఎందుకు పోయిందో మాత్రం ఒక్క వాక్యమైనా ఉండదు. నేను వరంగల్ కొత్తవాడలో ముప్పై ఏళ్లుగా దర్రీలు, అంటే నేల మీద పరిచే మందపాటి నూలు తివాచీలు, నేయించి అమ్ముతున్నాను. జైలు నుంచి వచ్చినవారికి మగ్గం మీద పని ఇచ్చి చూసిన అనుభవం ఉన్నందువల్లే ఈ లేఖ రాస్తున్నాను.

వరంగల్ కేంద్ర కారాగారంలో ఖైదీలు నేసే దర్రీలకు ఎంత పేరుండేదో ఈ ఊరి పాతవారికి చెప్పనక్కరలేదు. 1886 నాటి ఆ జైలును 2021లో ఆసుపత్రి కోసం కూల్చివేసి ఖైదీలను వేరే జైళ్లకు తరలించారు. అంతకు చాలా ముందే, అక్కడ నేత నేర్చుకుని విడుదలైన నలభై దాటిన ఒక వ్యక్తి పని అడుగుతూ మా షెడ్డుకు వచ్చాడు. పేకను, అంటే అడ్డపోగును, దగ్గరికి కొట్టే తీరులోనే అతడి పనితనం తెలిసిపోయింది. అయితే మొదటి వారం కూలి అందిన సాయంత్రం వెళ్లినవాడు ఐదు రోజులు కనబడలేదు. పగలు కల్లు దుకాణంలో, రాత్రి రైల్వే స్టేషన్ బయట గడిపి, ఆరో రోజు పొద్దున గడప అవతల నిలబడి, “సేటూ, తప్పైంది. మగ్గం కాడ జాగ ఇంక ఉన్నదా?” అని అడిగాడు. నిజం చెప్పాలంటే ఆ రోజు నేను జాగ ఇచ్చింది దయతో కాదు. పెళ్లివారికి మాటిచ్చిన పెద్ద దర్రీ ఒకటి సగంలో ఆగిపోయి ఉంది.

మా హాజరు పుస్తకం ప్రకారం మొదటి ఆరు నెలల్లో అతడు ఏడుసార్లు అలా మాయమయ్యాడు. తరువాతి ఆరు నెలల్లో మూడుసార్లు. రెండో ఏడాది మొత్తం మీద ఒక్కసారి, అదీ తల్లి పోయినప్పుడు. ఫలానా రోజున మారిపోయాడని చూపించడానికి ఆ పుస్తకంలో తేదీ ఏదీ లేదు. రెండోసారి మాయమైనప్పుడే పంపించివేసి ఉంటే, ఏదో ఒక నాటికి అతడి గురించి కూడా మీ పేజీలోనే చదివేవాడినేమో.

ఇది ఒక్కడి కథ అని కొట్టిపారేయడానికి లేదు. అమెరికాలోని బోస్టన్‌లో చిన్నతనంలోనే నేరాలు చేసి సంస్కరణ పాఠశాలలకు వెళ్లిన 500 మంది అబ్బాయిల గురించి మొదలైన పరిశోధన, వారిలో కొందరిని డెబ్బై ఏళ్ల వయసు వరకూ వెంబడించింది. ఎంత ముదిరినవారైనా దాదాపు అందరూ ఏదో ఒక వయసులో నేరం మానుకున్నారనీ, ఎవరు ఎప్పుడు మానతారో చిన్నప్పటి లక్షణాలను బట్టి చెప్పలేమనీ అందులో తేలింది. నిలకడైన పని, కుదురైన కాపురం, పాత సావాసానికి దూరంగా ఉండే చోటు వారిని నిలబెట్టాయి.

మత్తు విషయంలోనూ ఓపిక అవసరమేనని మన ఉత్తర తెలంగాణకు ఎవరూ నేర్పనక్కరలేదు. 2015లో కల్తీ కల్లు మీద ప్రభుత్వం ఒక్కసారిగా కట్టడి పెట్టినప్పుడు, అల్ప్రాజోలం వంటి మత్తు మందులు కలిపిన కల్లుకు ఏళ్ల తరబడి అలవాటు పడిన వారు చేతులు వణికి, ఫిట్స్ వచ్చి, మతి తప్పి నిజామాబాద్ వైపు ఆసుపత్రుల ముందు బారులు తీరారు. అటువంటి మత్తును వైద్యుడి పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావలసిందే. మనసుంటే ఒక్క రోజులో మానవచ్చు అనేవారు ఆ బారులను చూసి ఉండరు.

మన చట్టాలు మాత్రం సగం దూరమే వచ్చాయి. జైలుకు పంపే బదులు మంచి నడవడిక షరతుతో విడిచిపెట్టే 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద విడుదలైన వ్యక్తికి, ఆ కేసులో నేరం రుజువైనందువల్ల కలిగే అనర్హత వర్తించదు, మంచి మాటే. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, కొద్ది పరిమాణంతో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకు వస్తే విచారణ నుంచి మినహాయిస్తుంది. చికిత్స పూర్తి చేయకపోతే ఆ మినహాయింపును వెనక్కి తీసుకోవచ్చని కూడా అదే చట్టం అంటుంది. నా హాజరు పుస్తకంలోని మనిషి మొదటి ఆరు నెలల్లోనే ఆ పరీక్ష తప్పేవాడు. ఎన్నికలకూ పండుగలకూ ముందు పాత కేసులున్నవారిని స్టేషన్‌కు పిలిపించడం, తహసీల్దారు ముందు బైండోవర్ చేయడం, అంటే ఏ గొడవా చేయనని పూచీకత్తు రాయించుకోవడం, మరో ఆనవాయితీ. పదేళ్లుగా ఏ కేసూ లేని మా నేతగాడికి ఆ పిలుపు ఇప్పటికీ వస్తూనే ఉంది, వచ్చిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోతూనే ఉంది.

నిలవడానికి నీడ కూడా కావాలి. లక్ష జనాభాకు ఒకటి చొప్పున, ఏడాది పొడవునా ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే ఆశ్రయాలు నగరాల్లో నిర్వహించాలని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించింది. ఎనిమిది లక్షలు దాటిన మన నగరానికి ఆ లెక్కన ఎన్ని రావాలో, ఎన్ని ఉన్నాయో, తాగి వచ్చినవాడిని అక్కడ ఏం చేస్తున్నారో మీ విలేకరులు ఒక రాత్రి తిరిగి రాస్తే బాగుంటుంది. కూల్చిన జైలుకు బదులుగా వచ్చే కొత్త జైలులో మగ్గాలు తప్పక పెట్టాలి. ఈ ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తిగా 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందిన వరంగల్ దర్రీలకు నేతగాళ్లు దొరకడం లేదని మేము మొత్తుకుంటున్నాం గనుక, విడుదలైన మరునాడే పని దొరికేలా జైళ్ల శాఖ కొత్తవాడ సంఘాలతో ముందుగానే మాట్లాడుకోవాలి.

ఇవన్నీ ప్రభుత్వం చేయవలసినవి. మీ చేతిలో ఉన్నది ఒకటుంది. పదేళ్లు దాటిన పాత కేసును కొత్త అరెస్టు వార్తకు శీర్షిక చేయకూడదన్న నియమం మీ డెస్కు పెట్టుకోగలదేమో దయచేసి ఆలోచించండి.

ఇట్లు,
ఒక దర్రీల వ్యాపారి,
కొత్తవాడ, వరంగల్