మా వీధికి వచ్చే బీటు కానిస్టేబుల్ ఎవరో మాకు తెలియాలి
(అనంతపురం జిల్లా ఎస్పీ గారికి బహిరంగ లేఖ)

గౌరవనీయులైన జిల్లా ఎస్పీ గారికి,

నమస్కారం.

వేసవి సెలవులు దగ్గర పడినా, దసరా వస్తున్నా పోలీసు శాఖ నుంచి ఒక ప్రకటన వస్తుంది. ఊరెళ్లేటప్పుడు స్టేషన్‌లో చెప్పి వెళ్లండి, నగలు ఇంట్లో ఉంచుకోకండి, అనుమానితులు కనబడితే సమాచారం ఇవ్వండి అని. అందులో ప్రతి మాటా సరైనదే. అయినా మా కాలనీలో అది చదివినవాళ్లలో చాలామంది స్టేషన్ మెట్లు ఎక్కరు. ఎవరికి చెప్పాలో తెలియదు. ముక్కూ మొహం తెలియని మనిషితో "రేపట్నుంచి మా ఇంట్లో ఎవరూ ఉండరు" అని చెప్పడానికి మనసొప్పదు. నేను అడగబోయేది ఈ ఇబ్బంది గురించే. రాత్రిపూట మా వీధికి వచ్చే కానిస్టేబుల్ ఎవరో మాకు తెలియాలి, మేమెవరో ఆయనకు తెలియాలి. ఆ పరిచయం లేకపోతే మీరు చెప్పే జాగ్రత్తలు సగంలోనే ఆగిపోతున్నాయి.

ఈ జిల్లాలో ఇళ్లకు తాళాలు పడటం కొత్త కాదు. వానలు మొహం చాటేసిన ఏడాది పల్లెలకు పల్లెలు బెంగళూరు దారి పట్టడం మనకందరికీ తెలుసు. టౌన్‌లో కారణాలు వేరు. పిల్లలు బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉంటారు. కూతురి కాన్పుకు వెళ్లిన తల్లి నెలల తరబడి అక్కడే ఉండిపోతుంది. పెళ్లి ముహూర్తాలు మొదలైతే వీధిలో ఏ ఇంట్లో మనుషులున్నారో లెక్క తెలియదు. పైగా ఊరి పక్కనే 44వ నంబరు జాతీయ రహదారి, దగ్గరలోనే కర్ణాటక సరిహద్దు. అర్ధరాత్రి దాటాక పని ముగించుకున్న దొంగ తెల్లవారేసరికి రాష్ట్రం దాటి ఉంటాడు. దొంగతనం జరిగాక వెతకడం మీకు ఎంత కష్టమో మాకూ అర్థమవుతుంది. అందుకే జరగకముందు ఏం చేయగలమో మాట్లాడుకుందాం.

ఇంట్లో ఎవరూ లేరని దొంగకు ఎవరూ చెప్పక్కర్లేదు, వాకిలే చెబుతుంది. పండగ రోజు కూడా ముగ్గు ఉండదు. గేటుకు గుచ్చిన కరపత్రం ఎండకు రంగు వెలిసిపోయి అలాగే ఉంటుంది. వసారాలో దుమ్ము మీద అడుగుల జాడ ఉండదు. పట్టపగలు వరండా లైటు వెలుగుతూ ఉంటుంది. బయటి గేటుకు పెద్ద తాళం. లైటు వేసి వెళ్తే మంచిదని చాలామంది అనుకుంటారు కానీ, రాత్రీపగలూ వెలిగే లైటు ఇల్లు ఖాళీ అని చాటింపు వేసినట్టే. ఎదురింటి ఆమెకు "ఊరికి పోతాండాం, రోంత ఇల్లు చూస్తాండక్కా" అని చెప్పి, వాకిలి ఊడ్చి రెండు గీతలు ముగ్గు వేయమని, సాయంత్రం లైటు వేసి పొద్దున ఆర్పేయమని అడగడానికి పైసా ఖర్చు లేదు. "తిరుమల చేరుకున్నాం" అని ఫోన్లో స్టేటస్ పెట్టడం మాత్రం ఇంటికి తిరిగొచ్చాక చేసుకోవచ్చు.

మా వెనక వీధిలో ఒక ఇంట్లో దొంగలు పడిన రోజు నేను వెళ్లి చూశాను. తలుపుకు వేసిన తాళం చెక్కుచెదరలేదు. మంచి కంపెనీ తాళం, బరువైనది. ఆ తాళం వేసిన గొళ్లెం మాత్రం స్క్రూలతో సహా ఊడి వేలాడుతోంది. ఒక్కో స్క్రూ చిటికెన వేలి గోరంత పొడవు కూడా లేదు. ఇనుప రాడ్డు పెట్టి ఒక్కసారి లాగితే చాలు, తలుపు చెక్క పొట్టుతో సహా ఊడివచ్చింది. తాళానికి వేలు పోసినవాళ్లం గొళ్లెం వంక చూడం. తలుపుకు అవతలి వైపు నట్టు బిగించే పొడుగు బోల్టులు వేయించడం వడ్రంగికి గంట పని. బయటికి కనబడని లోపలి తాళం ఇంకా మేలు. పెరటి తలుపు సంగతి చెప్పనే అక్కర్లేదు. ముందు తలుపు టేకుతో చేయించి, వెనక పలుచని రేకు తలుపుకు చిన్న గడియ పెట్టే ఇళ్లు మా వీధిలోనే ఎన్నో ఉన్నాయి. అడ్డంగా ఒక ఇనుప పట్టీ వేస్తే రాత్రికి నిశ్చింత.

అదే ఇంట్లో బీరువాను పగలగొట్టలేదు. తాళంచెవి పరుపు కింద దొరికింది, దానితోనే తెరిచారు. లోపలి లాకరు తాళంచెవి చీరల మడతల్లో ఉంది. మన ఇళ్లలో తాళంచెవులు దాచే చోట్లు నాలుగైదే, అవి దొంగలందరికీ తెలుసు. నగలు బ్యాంకు లాకరులో పెట్టుకోవడమే మంచిది. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం బ్యాంకులో అగ్నిప్రమాదం, దొంగతనం, భవనం కూలడం, సిబ్బంది మోసం వంటివి జరిగితే లాకరు ఏడాది అద్దెకు వంద రెట్ల వరకు బ్యాంకు బాధ్యత వహించాలి. బంగారం విలువతో పోలిస్తే అది తక్కువే కావచ్చు, ఇంట్లో పోతే ఆ మాత్రం కూడా రాదు.

వేసవి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఇక్కడి ఎండలకు రాత్రి ఇంట్లో పడుకోలేం. కుటుంబమంతా మిద్దె మీద చాపలు వేసుకుంటాం, కింద ఇల్లు చల్లబడాలని కిటికీలు తీసే ఉంచుతాం. కొందరు తలుపు దగ్గరికి వేసి పైకి వస్తారు. పైన అందరూ గాఢనిద్రలో ఉండగా కింద బీరువాలు ఖాళీ అయిన సంఘటనలు మీ రికార్డుల్లో ఉండకపోవు. కింద తలుపులకు తాళం వేసి, తాళంచెవులు, ఫోన్లు తల దగ్గర పెట్టుకోవాలి. కరెంటు పోతే వీధంతా చీకటి. పక్కనున్న ఖాళీ ప్లాట్లలో మనిషి ఎత్తు కంప చెట్లు. అందులో ఎవరు కూర్చున్నా కనబడరు. కంప కొట్టించడం, వీధి దీపాలు వేయించడం కార్పొరేషన్ పని అని నాకు తెలుసు. మేం అర్జీ పెడితే ఒక కాగితం, మీరు కమిషనర్ గారికి రాస్తే దాని బరువు వేరు. ఏ వీధుల్లో చీకటి ఉందో మీ బీటు వాళ్లకంటే బాగా ఎవరికి తెలుసు?

కెమెరాల గురించి కూడా. ప్రజలు గుమికూడే వాణిజ్య సంస్థలు, ఆసుపత్రులు, విద్యాసంస్థల వంటి చోట్ల సీసీ కెమెరాలు పెట్టి 30 రోజుల ఫుటేజీ దాచాలని మన రాష్ట్రంలో 2013 నాటి ప్రజా భద్రత చట్టం ఉంది. ఇళ్లలో అయితే ఎవరి ఇష్టం వాళ్లది. మా వైపు కెమెరాలు తక్కువేం లేవు, పనికొచ్చేవే తక్కువ. మిద్దె అంచున పెట్టిన కెమెరాలో మనుషుల నెత్తులే కనబడతాయి, ముఖాలు కనబడవు. గడియారం తప్పుగా ఉంటుంది. రికార్డు చేసే డబ్బా హాల్లో టీవీ కిందే ఉంటుంది, దొంగ పోతూపోతూ దాన్నీ పట్టుకుపోతాడు. గేటు దగ్గర ముఖం అందే ఎత్తులో ఒకటి పెట్టి, డబ్బాను లోపలి గదిలో దాచి, నెలకోసారి రికార్డు అవుతోందో లేదో చూసుకుంటే చాలు. ఎవరింట్లో పనిచేసే కెమెరా ఉందో బీటు కానిస్టేబుల్‌కు ముందే తెలిసి ఉంటే, దొంగతనం జరిగిన పొద్దున ఆయన వీధంతా తిరిగి అడగాల్సిన పనుండదు.

తాళం వేసిన ఇళ్ల కోసం రాష్ట్ర పోలీసులు తెచ్చిన ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) ఏర్పాటు నిజంగా మంచిది. యాప్‌లో పేరు నమోదు చేసుకుని ఊరెళ్లే తేదీలు చెబితే, పోలీసులు వచ్చి ఇంట్లో కెమెరా పెడతారు. కదలిక కనబడగానే కంట్రోల్ రూమ్‌లో అలారం మోగుతుంది, దగ్గర్లోని సిబ్బంది బయల్దేరతారు. దీనికి డబ్బు కట్టక్కర్లేదు. ఇంత మంచి ఏర్పాటు ఉన్నా పక్కింటివాళ్లకు చెబితే "తెలియని వాళ్లను ఇంట్లోకి రానిచ్చి బీరువా ఎక్కడుందో చూపించాలా?" అంటారు. వాళ్ల టెన్షన్ వాళ్లది. పోలీసుల మీద అపనమ్మకం అనుకోకండి, కొత్త మనిషి అనే బెరుకు అంతే. రోజూ వీధిలో కనబడే కానిస్టేబులే వచ్చి కెమెరా పెడితే ఆ మాట రాదు.

ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం కింద కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల్లో, ప్రతి స్టేషన్ తన పరిధిలోని వృద్ధుల జాబితా, ముఖ్యంగా ఒంటరిగా ఉండేవాళ్ల జాబితా ఉంచుకోవాలని, కనీసం నెలకోసారి వెళ్లి పలకరించాలని ఉంది. మా వీధిలో ఒక అవ్వ ఉంది. కొడుకు విదేశాల్లో ఉంటాడు. సాయంత్రం ఆరయ్యేసరికి తలుపులు బిగించుకుని, మర్నాడు పాలవాడు పిలిచేదాకా తీయదు. మేం రోజుకోసారి పలకరిస్తాం. ఖాకీ చొక్కా మనిషి నెలకోసారి వచ్చి "అవ్వా, బాగున్నావా?" అని అడిగితే ఆమెకు వచ్చే ధైర్యం వేరు. ఆ రాకపోకలు చూసేవాళ్లకూ ఒక సంగతి అర్థమవుతుంది. పెద్దవాళ్ల కోసం 14567 హెల్ప్‌లైన్ ఉందనీ, ఏ ఆపదకైనా 112 అనీ పెద్ద అంకెలతో రాసి ఆమె ఫోన్ పక్కన గోడకు అంటించాం.

పొద్దున్నే వాకిట్లో వంగి ముగ్గు వేసే ఆడవాళ్ల మెడలో గొలుసులు బైకుల మీద వచ్చి తెంపుకుపోవడం మీకు నేను చెప్పక్కర్లేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 304వ సెక్షన్ కింద దీన్ని ప్రత్యేక నేరంగా చేర్చారు. రాత్రి గస్తీ ముగిసి పగటి డ్యూటీ ఎక్కే సందులో, సరిగ్గా తెలతెలవారే వేళ, వీధుల్లో పోలీసు బండి కనబడేలా చూడండి.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే బాధపెట్టే విషయం. వీధి కాపలా అనగానే కొందరి చూపు దుప్పట్లు అమ్మేవాళ్ల మీద, పాత ఇనుము ఏరుకునేవాళ్ల మీద, భిక్షగాళ్ల మీద పడుతుంది. 2018లో పార్థీ గ్యాంగ్ దిగిందని, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని ఫోన్లలో వచ్చిన పుకార్లకు తెలుగు రాష్ట్రాల్లో అమాయకులు దెబ్బలు తిన్నారు. కొన్ని జాతులకు పుట్టుకతోనే నేరస్థులనే ముద్ర వేసిన బ్రిటిష్ కాలపు నేరస్థ జాతుల చట్టం 1952లో రద్దయింది, ఆ ముద్ర మాత్రం ఎరుకల కుటుంబాల మీద, సంచార జాతుల మీద ఇంకా పోలేదు. దొంగతనం జరిగిందంటే ముందు వాళ్ల గుడిసెల వైపే చూస్తారు. అపార్ట్‌మెంట్ కడుతున్న బీహారు కూలీలదీ అదే పరిస్థితి. అనుమానం వస్తే 112కు ఫోన్ చేయాలి, బండి నంబరు రాసుకోవాలి, చేయి మాత్రం ఎత్తకూడదు. మా కాలనీ గ్రూపులో ఎవరైనా "దొంగల ముఠా దిగింది" అని ఫోటో పెడితే, అది నిజమో కాదో అడగడానికి మాకు ఒక మనిషి కావాలి. అలాంటి రాత్రి బీటు కానిస్టేబుల్ ఒక్క మాట చెబితే వీధి చల్లబడుతుంది.

జాగ్రత్తలన్నీ తీసుకున్నా దొంగతనం జరగొచ్చు. అప్పుడు మావాళ్లు చేసే మొదటి పని ఇంటినిండా చేరడం. పరామర్శకు వచ్చిన చుట్టాలు చిందరవందరగా ఉన్న మంచం మీదే కూర్చుంటారు, బీరువా తలుపు పట్టుకుని చూస్తారు, బట్టలు మడతపెట్టేస్తారు. క్లూస్ టీం వచ్చేసరికి వేలిముద్రలన్నీ మావే. ఎవరినీ లోపలికి రానివ్వకుండా బయట అరుగు మీద కూర్చోబెట్టమని కాలనీ సమావేశాల్లో మీ సిబ్బంది వచ్చి చెబితే వింటారు, నేను చెబితే "దుఃఖంలో ఉన్నవాళ్లను పలకరించవద్దా?" అంటారు.

ఇక ఫిర్యాదు. మా దగ్గరి బంధువులకు వేరే ఊళ్లో ఇలాగే జరిగితే, పోయిన బంగారం తులాలు తగ్గించి రాయమన్నారట. మన జిల్లాలో అలా జరగకుండా చూస్తారని నమ్ముతున్నాను. కొత్త నేర విచారణ చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో పంపితే 3 రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. అదే చట్టం 193వ సెక్షన్ ప్రకారం దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు తెలియజేయాలి. ఈ నాలుగు మాటలు ప్రతి స్టేషన్ గోడ మీద తెలుగులో పెద్దగా రాయించండి.

దొరికిన సొత్తు తిరిగి ఇవ్వడం గురించి కూడా ఒక మనవి. పట్టుకున్న సొమ్మును స్టేషన్లలో ఎక్కువ కాలం ఉంచొద్దని, పంచనామా చేసి, ఫోటోలు తీసి, బాండు రాయించుకుని 15 రోజుల నుంచి నెలలోపే సొంతదారుకు అప్పగించే ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. కోర్టు ఉత్తర్వు కావాలి కాబట్టి అర్జీ ఎలా పెట్టుకోవాలో చాలామందికి తెలియదు. తాళిబొట్టు దొరికిందని విని, దాన్ని తెచ్చుకోవడానికి నెలల తరబడి తిరిగే ఆడవాళ్లకు స్టేషన్‌లో ఒకరు కూర్చుని ఆ అర్జీ రాసిపెడితే ఎంత మేలో చెప్పలేను.

నేను అడిగేది కొత్త బడ్జెట్‌తో పనిలేనిది. ప్రతి వీధి మొదట్లో ఒక బోర్డు. బీటు కానిస్టేబుల్ పేరు, స్టేషన్ ఫోన్ నంబరు. ఆయన మారితే బోర్డు మీద పేరూ మారాలి. సెలవులకు ముందు ఒక ఆదివారం సాయంత్రం ఆయన్ను, వార్డు సచివాలయం సిబ్బందిని మా కాలనీకి పంపండి. ఎవరు ఎప్పుడు ఊరెళ్తున్నారో, ఎవరి ఇంట్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉన్నారో, ఏ కెమెరా పనిచేస్తోందో రాసిన పుస్తకం మేం సిద్ధంగా ఉంచుతాం. గొళ్లేలకు బోల్టులు వేయడానికి వడ్రంగిని అదే రోజు పిలిపిస్తాం. కంప చెట్లున్న ప్లాట్ల జాబితా, వెలగని స్తంభాల నంబర్లు ఈ లేఖతో పాటు మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను.

ఇట్లు,
అనంతపురం కాలనీవాసి ఒకరు