డిస్కుల పని ఎందుకు లేటవుతోంది, ఆగస్టులో మా వల్ల ఏం తప్పు జరిగింది

అందరికీ నమస్కారమండి. పాత ఫ్లాపీ డిస్కుల్లో ఉన్నది చదివి కంప్యూటర్ ఫైళ్ళుగా తీసిచ్చే పని మాకు ఇచ్చేటప్పుడు పది రోజుల్లో అయిపోద్దని నేను చెప్పిన మాట నమ్మి వెళ్ళినవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళలో కొందరికి నెల దాటింది, ఒకరిద్దరికి రెండు నెలలు. ఫోన్ చేసినప్పుడల్లా చూస్తున్నామండి, అవుతోందండి అంటున్నాను గానీ అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. అది తప్పు. అందుకే ఇవాళ షట్టర్ దించాక కూర్చుని మొత్తం రాస్తున్నా, పెద్దదైనా చదవండి, ముఖ్యంగా ఇంట్లో పాత కంప్యూటర్ పత్రికలు ఉన్నవాళ్ళు.

కొత్తవాళ్ళ కోసం కొంచెం చెప్తాను. మాది విశాఖ డాబాగార్డెన్స్‌లో ల్యాప్‌టాప్ సర్వీస్ షాపు, ఇల్లు గడిచేది దాని మీదే. ఈ పాత డిస్కుల పని మాత్రం మర్చంట్ నేవీలో చీఫ్ ఇంజనీర్‌గా చేసి రిటైరైన ఒకాయన వల్ల మొదలైంది. ఆయన పిల్లల కోసం సింగపూర్‌లో కమొడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్ కొని, ఓడ ఎక్కడ ఆగితే అక్కడ కంప్యూట్స్ గెజెట్ పత్రికలు, వాటి డిస్కులు కొని దాచుకున్నారు. ఆ రోజుల్లో పత్రికలోనే ప్రోగ్రామ్ మొత్తం అచ్చేసేవాళ్ళు, చదివేవాళ్ళు లైను లైను చూసి టైప్ చేసుకోవాలి, అంత ఓపిక లేనివాళ్ళకి అదే నెల ప్రోగ్రాములన్నీ డిస్కులో పెట్టి విడిగా అమ్మేవారు. స్పీడ్‌స్క్రిప్ట్ అని పూర్తి వర్డ్ ప్రాసెసర్ ఒకటి 1984 జనవరి గెజెట్‌లో అంకెల వరసలుగా అచ్చయింది, జనం కూర్చుని ఆ అంకెలన్నీ కొట్టుకున్నారు. ఒక నెల పత్రికతో వచ్చిన సరుకు అది! తర్వాత బీబీసీ మైక్రో అనే ఇంకో కంప్యూటర్ డిస్కులు రావడం మొదలైంది, 1984లో సెంట్రల్ గవర్నమెంట్ క్లాస్ (CLASS) అనే కంప్యూటర్ చదువు ప్రాజెక్టు పెట్టి స్కూళ్ళకి ఆ కంప్యూటర్లు ఇచ్చింది కదా, అప్పుడు నేర్పిన మాస్టార్లు కొంతమంది డిస్కులు పారేయకుండా ఇంట్లో ఉంచారు.

ఇక ఆగస్టు సంగతి. వరసగా ముసురు, షాపులో తేమ, పని పేరుకుపోయింది, నేను తొందరపడ్డాను. ఒక పెట్టె డిస్కులు హుద్‌హుద్ తుఫానులో తడిసినవి, అంటే 2014 అక్టోబర్ 12న ఇంట్లోకి వచ్చిన వాన నీళ్ళు, వాళ్ళు ఫ్యాను కింద ఆరబెట్టి మళ్ళీ అటకెక్కించేశారు. పైకి బాగానే ఉన్నాయి. జాకెట్, అంటే డిస్కు పైన ఉండే కవరు, దాని కిటికీలో కనిపించే ముక్క వరకే చూసి, డిస్కుని చేత్తో పూర్తిగా ఒక చుట్టు తిప్పి చూడకుండానే డ్రైవ్‌లో పెట్టేశాను. రెండో వైపు బూజు ఉంది. అది డ్రైవ్‌లో డిస్కుని చదివే హెడ్‌కి అంటుకుంది. డిస్కు చదవలేదు, సరే తర్వాత చూద్దామని పక్కన పెట్టి, హెడ్ తుడవకుండా ఇంకొకరి డిస్కు పెట్టాను. చర్‌మని చప్పుడు వచ్చింది, తీసి చూస్తే బయటి అంచు దగ్గర సన్నటి గుండ్రటి గీత, పూత లేచిపోయి వెనక ప్లాస్టిక్ కనిపిస్తోంది.

ఆ రెండో డిస్కు ఒక లెక్కల మాస్టారుది, బీబీసీ మైక్రో పత్రిక నెలవారీ డిస్కు. డిస్కు మీద గుండ్రటి వరసల్ని ట్రాకులు అంటారు, వాటిలో ఒక్కో ముక్క సెక్టార్. డ్రైవ్ ఆన్ అవ్వగానే హెడ్ ముందు వెళ్ళి కూర్చునేది బయటి ట్రాకు మీదే, దాన్ని సున్నా ట్రాకు అంటారు. బీబీసీ డిస్కుల్లో ఫైళ్ళ పట్టిక, అంటే ఏ ప్రోగ్రామ్ పేరేంటి ఎక్కడ మొదలవుతుంది అన్నది, సరిగ్గా ఆ సున్నా ట్రాకులో మొదటి రెండు సెక్టార్లలోనే ఉంటుంది. అంటే డిస్కులో మిగతా సరుకంతా ఉంది గానీ పేర్లు పోయాయి. ఇంటికి తలుపుంది తాళంచెవి లేదు, అలా అయింది మా పరిస్థితి.

మాస్టారికి అదే రోజు సాయంత్రం ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కోప్పడలేదు. "ఏటి బాబూ, మొత్తం పోయినట్టేనా?" అని మాత్రం అడిగారు. ఆ మాటకి నాకు రాత్రంతా నిద్ర పట్టలేదండి. ఆయన స్కూల్లో సాయంత్రాలు పిల్లలకి ఆ డిస్కుతోనే గ్రాఫులు గీసి చూపించేవారట.

తర్వాత మూడు వారాలు దాని మీదే కూర్చున్నాం. ఆ డిస్కు సిస్టంలో ఒక మంచి సంగతేంటంటే ఫైలు ముక్కలు ముక్కలుగా ఉండదు, మొదలైన చోటు నుంచి చివరిదాకా వరసగా ఉంటుంది. ఆ ప్రోగ్రాములు రాసిన భాష బీబీసీ బేసిక్, అందులో ప్రతి లైను ముందు ఒక గుర్తు, లైను నంబరు, లైను పొడవు ఉంటాయి, ప్రోగ్రామ్ అయిపోయిన చోట వేరే గుర్తుంటుంది. వాటిని పట్టుకుని ఒక్కొక్క ప్రోగ్రామ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కోసుకుంటూ వెళ్ళాం. కానీ ఏది ఏ ప్రోగ్రామ్? అప్పుడు మాస్టారు ఆ నెల పత్రిక తెచ్చి ఇచ్చారు, అట్టలేదు, చెదలు ఒక మూల కొట్టేసింది, అయినా విషయసూచిక ఉంది, లిస్టింగులు ఉన్నాయి. మొదటి రెండు మూడు లైన్లు పోల్చుకుంటే చాలు, పేర్లన్నీ దొరికాయి. ఒక్కటి మాత్రం రాలేదు. సున్నా ట్రాకులో పట్టిక పోగా మిగిలిన ఎనిమిది సెక్టార్లలో, అంటే 2048 బైట్లలో, డిస్కు పెట్టగానే వచ్చే మెనూ ఉండేది, అది పత్రికలో అచ్చవలేదు, ఇక ఎక్కడా లేదు. దాన్ని నేనే పాడుచేశాను. మాస్టారి దగ్గర డబ్బు తీసుకోలేదు, ఇకముందు ఆయన ఎన్ని డిస్కులు తెచ్చినా తీసుకోను.

ఆ రోజు నుంచి పద్ధతి మార్చాం, లేటుకి కారణం కూడా ఇదే. ఇప్పుడు ఏ డిస్కునైనా ముందు లైటు కింద పెట్టి చేత్తో తిప్పుతూ రెండు వైపులా చూస్తాం. బూజు ఉంటే జాకెట్ పై అంచు సన్నగా కోసి, లోపలి పల్చటి డిస్కు బయటికి తీసి, డిస్టిల్డ్ వాటర్‌లో చుక్క లిక్విడ్ సోప్ వేసి మెత్తగా కడిగి, మళ్ళీ మంచి నీళ్ళు పోసి, గాలికి ఆరబెట్టి, శుభ్రమైన వేరే జాకెట్‌లో పెట్టి అప్పుడు డ్రైవ్‌కి ఇస్తాం. ప్రతి డిస్కుకీ మధ్యలో హెడ్ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాల్సిందే, ఒక్కటి కూడా వదలం. వాన పడే రోజు కడిగే పని పెట్టుకోం, మన ఊరి గాలిలో ఆరదు, సముద్రం పక్కన ఉన్నాం మరి. ఇంకో రకం జబ్బు కూడా ఉంది, ఆ పూతని ప్లాస్టిక్‌కి పట్టి ఉంచే జిగురు ఏళ్ళ తరబడి తేమ పీల్చి విడిపోతుంది, అలాంటివి హెడ్ తగిలితే పొడిపొడిగా రాలిపోతాయి, వాటిని ఒక్క ఛాన్సుకే ఉంచుకోవాలి.

ఆ ఒక్క ఛాన్సులో ఫైళ్ళు కాపీ చేయం, ఫ్లక్స్, అంటే డిస్కు మీది అయస్కాంతపు గుర్తులు ఉన్నవి ఉన్నట్టు, తీస్తాం. కమొడోర్ డిస్కు మామూలు పీసీ కంట్రోలర్‌కి అర్థం కాదు, రాసే పద్ధతే వేరు. గ్రీజ్‌వీజిల్ అని చిన్న బోర్డు ఉంది, ఒక వైపు పాత డ్రైవ్, ఒక వైపు యూఎస్‌బీ, అది డిస్కు మీద అయస్కాంతం దిశ ఎక్కడెక్కడ మారుతోందో ఆ టైమింగ్ మొత్తం పట్టుకుంటుంది, అర్థం చేసుకోవడం తర్వాత తీరిగ్గా కంప్యూటర్లో చేసుకోవచ్చు, డిస్కుని మళ్ళీ ముట్టక్కర్లేదు. ప్రతి ట్రాకూ ఐదు చుట్లు తీసుకుంటున్నాం, ఒక చుట్టులో తడబడ్డది ఇంకో చుట్టులో సరిగ్గా వస్తుంది ఒక్కోసారి.

ఇప్పుడు చీఫ్ ఇంజనీర్ గారి గెజెట్ డిస్కు ఒకటి చెప్పాలి, ఈ రాతంతా నిజానికి దాని కోసమే. ముప్పై ఐదు ట్రాకుల్లో 683 సెక్టార్లు, అందులో 682 శుభ్రంగా వచ్చాయి. ఒక్కటి రాలేదు, ఐదు చుట్లలోనూ చెక్‌సమ్, అంటే సరిచూసే లెక్క, తప్పే, పాత డ్రైవ్ అయితే 23 రీడ్ ఎర్రర్ అంటుంది చూడండి, అదే. ఒక్కటే కదా అనుకోకండి. కమొడోర్‌లో ప్రతి సెక్టార్ మొదటి రెండు బైట్లు తర్వాతి సెక్టార్ ఎక్కడుందో చెప్తాయి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని రోడ్డు దాటుతున్న పిల్లల్లాగ, మధ్యలో ఒక చెయ్యి వదిలితే వెనకవాళ్ళంతా ఆగిపోతారు. ఒక్క సెక్టార్ పోయేసరికి ఆ డిస్కులో ఉన్న ఒక గేమ్ సగంలో తెగిపోయింది. వెనక భాగం డిస్కు మీదే ఉంది, దారి తెలీదంతే. అయితే కమొడోర్ వాళ్ళ 1541 డ్రైవ్ సాధారణంగా పది సెక్టార్లు దూకుతూ రాస్తుంది, ఆ లెక్కన వెతికితే తర్వాతి ముక్క దొరికింది, అది ప్రోగ్రామ్‌లో 480వ లైను మధ్యలో మొదలైంది. ముందు ముక్క 410 మధ్యలో ఆగింది. ఈ మధ్యలో 254 బైట్లు గుంట.

ఆ గుంటలో ఏముందో డిస్కు ఎప్పటికీ చెప్పదు. పత్రిక చెప్తుంది. 87వ పేజీలో ఆ లైన్లు అచ్చులో ఉన్నాయి, ప్రతి లైను చివర ఒక చిన్న అంకె కూడా ఉంది. ఆటోమేటిక్ ప్రూఫ్‌రీడర్ అని గెజెట్ వాళ్ళే ఇచ్చిన చిన్న ప్రోగ్రామ్ నడుపుతూ టైప్ చేస్తే, లైను కొట్టగానే స్క్రీన్ మీద అంకె వస్తుంది, అది పేజీలో అంకెతో కలిస్తే సరిగ్గా కొట్టినట్టు. ఎమ్యులేటర్‌లో, అంటే పాత కమొడోర్‌లాగ నడిచే సాఫ్ట్‌వేర్‌లో, అదే ప్రూఫ్‌రీడర్ లోడ్ చేసి, నేను చదువుతుంటే మా కుర్రాడు కొట్టాడు. ఫ్లవర్ బ్రాకెట్లలో క్లియర్ అని ఉంటే ఆ అక్షరాలు కొట్టకూడదు, ఆ కీ నొక్కాలి, రెండు స్పేసులు అని ఉంటే లెక్కపెట్టి రెండే. ఈ పాత ప్రూఫ్‌రీడర్‌కి ఒక లోపం ఉంది, పక్కపక్క అక్షరాలు తారుమారైతే పట్టుకోదు, కూడిక అదే వస్తుంది కాబట్టి, తర్వాతి వెర్షన్‌లో సరిచేశారు. అందుకని కొట్టాక వెనక నుంచి ముందుకి ఇంకోసారి చదివాం. అన్ని అంకెలూ కలిశాయి. రన్ అని కొట్టాం, గేమ్ మొదలైంది. మా కుర్రాడికి ఇరవై రెండేళ్ళు, వాడు పుట్టకముందు అచ్చయిన కాగితం చూసి వాడే బాగుచేశాడు, ఆ రోజు వాడి మొహం మీరు చూడాల్సింది.

చీఫ్ గారికి రెండు ఫైళ్ళు ఇచ్చాం. ఒకటి డిస్కులో ఉన్నది ఉన్నట్టు, ఆ చెడిన సెక్టార్‌తో సహా. రెండోది బాగుచేసినది, దాంతో పాటు ఏ లైన్లు ఏ పేజీ చూసి కొట్టామో రాసిన నోటు. ఈ రెండూ కలపకూడదు, మేం కొట్టింది ఒరిజినల్ అని రేపు ఎవరూ పొరబడకూడదు.

అందుకే చేతులు జోడించి అడుగుతున్నా, డిస్కు తెచ్చేవాళ్ళు పత్రిక కూడా తెండి. చిరిగినా, అట్ట లేకపోయినా, చెదలు కొట్టినా పర్లేదు. ఇప్పటిదాకా చాలామంది డిస్కులు మాకిచ్చి పత్రికలు కాటాకి వేసేస్తున్నారు, ఇక డిస్కులో ఉంది కదా అని. రెండిట్లో ఏది ముందు పోతుందో ఎవరికీ తెలీదు. కిలో లెక్కన ఇచ్చే ముందు ఒక్క ఫోన్ చేయండి, మా అబ్బాయిని పంపిస్తాను, పేజీలు ఫోటో తీసుకుని పుస్తకం మీకే ఇచ్చేస్తాం.

అలాగే పనిచేస్తుందో లేదో చూద్దామని ఇంట్లో ఏదో పాత డ్రైవ్‌లో పెట్టి చూడకండి, మేం చేసిన తప్పే మీరూ చేసినట్టవుతుంది. కలరా ఉండలు వేయొద్దు, ఆ ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లకి పడదు. ఎండలో ఆరబెట్టొద్దు. స్పీకర్ల పక్కన పెట్టొద్దు. ఉన్నవి ఉన్నట్టు నిలువుగా పేర్చి తెండి చాలు.

రేట్ల సంగతి. ఇదివరకు ఏ డిస్కైనా 150 రూపాయలు తీసుకునేవాళ్ళం, అది గిట్టడం లేదు, ఉన్నమాట చెప్తున్నా. ఐదుంపావు అంగుళాల డ్రైవులు ఇప్పుడు ఎవరూ తయారుచేయరు, మా దగ్గర మూడుండేవి, ఆగస్టు దెబ్బకి ఒకటి పోయింది, స్క్రాపులో దొరికితేనే మళ్ళీ. ఇకనుంచి చూసి చెప్పడం ఉచితం, శుభ్రంగా ఉన్న డిస్కుకి 200, కడగాల్సినదానికి 450. ఏమీ రాకపోతే ఏమీ తీసుకోం, కడిగినా సరే. ఇప్పటికే ఇచ్చినవాళ్ళకి పాత రేటే. టైము ఐదు వారాలు అనుకోండి, వానాకాలంలో ఇంకా ఎక్కువ. అంత ఆగలేని వాళ్ళు డిస్కులు వెనక్కి తీసుకెళ్ళొచ్చు, అడ్వాన్సు తిరిగి ఇచ్చేస్తాను, మనసులో ఏమీ పెట్టుకోను.

కొందరు ఆ ఇమేజ్, అంటే డిస్కు నుంచి తీసిన ఫైలు, మాకూ ఒక కాపీ ఇవ్వండి అంటున్నారు. ఇవ్వలేనండి. మన కాపీరైట్ చట్టంలో న్యాయంగా ప్రోగ్రామ్ ఉన్నవాళ్ళు పాడవకుండా బ్యాకప్ తీసుకోవచ్చని ఉంది, అంతవరకే మేం చేస్తున్నది. డిస్కు ఎవరిదో ఇమేజ్ వాళ్ళదే, మా దగ్గర మూడు నెలలు ఉంచి తీసేస్తాం.

మాస్టారు ఈ శనివారం వస్తున్నారు, ఆయన కూతురు సీతమ్మధార ఇంటి అటక మీద ఇంకో రెండు అట్టపెట్టెల పత్రికలు దొరికాయని చెప్పింది, అందులో మధ్యలో డిస్కులు కూడా ఉన్నాయట. ఆ రోజు మధ్యాహ్నం దాకా ల్యాప్‌టాప్ పనులు తీసుకోను, అర్జెంటు ఉన్నవాళ్ళు శుక్రవారమే రండి.