పొట్టి మ్యాగ్నోలియా కొనే ముందు మొగ్గ చూడండి

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరులో గేటు పక్కన ఏడాది పొడవునా పచ్చగా ఉండే చిన్న చెట్టు కావాలని అడిగితే నర్సరీల్లో 'లిటిల్ జెమ్' మ్యాగ్నోలియా చూపిస్తుంటారు. మంచి ఎంపికే. మన సంపెంగకు దగ్గరి చుట్టం, ఇక్కడి చల్లదనమూ ఎర్రమట్టీ దానికి పడతాయి. అయినా కొన్నాళ్లకే ఆకులు పసుపెక్కి మొక్క చచ్చిపోయిందని చాలామంది ఊరి ఎండను తిట్టుకుంటారు. అసలు కారణాలు ఎక్కువగా కొనేటప్పుడూ నాటేటప్పుడూ జరిగే పొరపాట్లలోనే ఉంటాయి.

లిటిల్ జెమ్‌ను 1952లో అమెరికాలోని నార్త్ కరోలినాలో ఒక నర్సరీ యజమాని గింజ మొక్కల్లోంచి ఏరి తీశారు. ఎత్తు సుమారు 20 అడుగులు, వెడల్పు 10 అడుగుల దాకా వస్తుంది. దాని మూల జాతి 60, 80 అడుగులు పెరిగే మహావృక్షం. గింజ నుంచి పెంచిన మొక్క ఆ పెద్ద జాతి లక్షణాలతోనే రావచ్చు, పూతకు పదేళ్లు, ఇంకా ఎక్కువే పట్టవచ్చు. కొమ్మ నాటి గానీ అంటు కట్టి గానీ పెంచినదైతే రెండు మూడేళ్లకే పూస్తుంది. ఆకు వెనక గోధుమరంగు నూగు చూసి 'ఇదే అసలుది' అని కొందరు అమ్ముతారు. ఆ నూగు పెద్ద జాతి గింజ మొక్కల్లోనూ ఉంటుంది కాబట్టి దాన్ని నమ్మొద్దు. ఆకు నాలుగైదు అంగుళాలు మించకూడదు. మూడడుగుల మొక్కకే కొమ్మ చివర మొగ్గో, రాలిన పువ్వు తొడిమో కనిపిస్తే సందేహం అక్కర్లేదు.

చోటు విషయంలో మొహమాటపడొద్దు. 30×40 అడుగుల సైటులో ఇంటికీ కాంపౌండు గోడకూ మధ్య ఉండే రెండు మూడడుగుల సందులో ఇది పట్టదు. గోడకు కనీసం ఆరడుగుల దూరం, రోజుకు ఐదారు గంటల ఎండ ఉండాలి.

కొత్త ఇళ్ల చుట్టూ మట్టి కింద సిమెంటు ముద్దలు, సున్నం, ఇటుక ముక్కలు ఉంటాయి. అవి నేలను క్షారంగా మారుస్తాయి, ఈ మొక్కకేమో కాస్త ఆమ్లత ఉన్న నేల కావాలి. అందుకే మూడడుగుల వెడల్పున ఆ చెత్తంతా తీసేసి, రెండు పాళ్లు ఎర్రమట్టికి ఒక పాలు బాగా చివికిన ఆకు ఎరువు కలిపి నింపాలి. గుంత లోతు మాత్రం వేరుముద్ద ఎత్తుకు మించకూడదు. కొబ్బరి పొట్టు, ఎరువు అడుగున పోస్తే అవి చివికి కుంగుతాయి, వాటితోపాటు మొక్కా కిందికి దిగిపోతుంది. గ్రో బ్యాగును పూర్తిగా కోసి తీసేయాలి. చుట్టలు తిరిగిన వేళ్లను పదునైన కత్తితో తెంచకపోతే పెరిగాక కాండాన్నే బిగిస్తాయి. మొదలు దగ్గర మట్టిని వేలితో గీరి చూడండి. కాండం వెడల్పై వేళ్లుగా విడిపోయే చోటు నేల కంటే ఒక అంగుళం పైన ఉండాలి. అది పూడితే బెరడు కుళ్లుతుంది. పైన రెండు మూడు అంగుళాల మందాన ఎండుటాకులు పరచండి, అవి కాండానికి మాత్రం తగలకూడదు. దీని వేళ్లు కండగా, నేల పైపొరలోనే ఉంటాయి కాబట్టి పాదులో గునపం దించవద్దు. నాటడానికి వానలు కుదురుకునే జూన్, జూలై మేలు.

ఇక నీళ్లు. 2024 మార్చిలో నీటి కరువు వచ్చినప్పుడు జలమండలి తాగునీటిని తోటలకు వాడొద్దని, వాడితే రూ.5,000 జరిమానా అని చెప్పింది. అది సబబే. అయితే దానికి బదులు ఆర్వో యంత్రం వదిలే నీళ్లు ఈ మొక్కకు పోయకండి. అందులో ఉప్పు పేరుకుని ఉంటుంది, ఆకు అంచులు మాడిపోతాయి. అన్నిటికంటే వాన నీరు మేలు. బోరు నీరే దిక్కైతే కొత్త ఆకులను గమనిస్తూ ఉండాలి. ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపెక్కితే అది ఇనుము లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి సాయంత్రం పూట ఆకులపై చల్లాలి. నేలలో వేయాలంటే ఈడీడీహెచ్‌ఏ రకం ఐరన్ చీలేటు (వేళ్లు తీసుకోగల రూపంలో ఉన్న ఇనుము ఎరువు) అడిగి తీసుకోండి. షాపుల్లో మామూలుగా ఇచ్చే ఈడీటీఏ రకం క్షార నేలలో నిలవదు. కొత్త చిగురు వస్తుంటే పాత ఆకులు పసుపెక్కి రాలడం మాత్రం సహజం, దానికి మందు అక్కర్లేదు. మొదటి రెండు వేసవుల్లో వారానికి రెండుసార్లు, ప్రతిసారీ ఒక బకెట్ చాలు. రెండంగుళాల లోతున మట్టి ఇంకా తడిగా ఉంటే అదీ వద్దు.

కొమ్మల మీద చీమలు బారులు తీరి, ఆకులు జిగటగా, నల్లటి మసి పట్టినట్లుంటే పొలుసు పురుగు చేరినట్లే. పాత బ్రష్షుతో రుద్ది తీసేసి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు ద్రావణం కలిపి పది రోజులకోసారి రెండు మూడుసార్లు చల్లండి. కత్తిరింపు తక్కువ చేయాలి, అదీ పూత ముగిశాకే. పువ్వు కొమ్మ చివరే వస్తుంది, పైగా ఈ చెట్టుకు పెద్ద గాయాలు త్వరగా మానవు.

లాల్‌బాగ్‌లో ఆగస్టు 15, జనవరి 26 సందర్భంగా జరిగే ఫలపుష్ప ప్రదర్శనల్లో చాలామంది మొక్కలు కొంటారు. అక్కడ అమ్మే ప్రతి మ్యాగ్నోలియాకూ రకం పేరు, గింజ మొక్కో అంటు మొక్కో రాసిన చీటీ తప్పనిసరి చేయాలని ఉద్యాన శాఖను కోరుతున్నాం.

— తోటల పెంపకం వృత్తిగా ఉన్న పాఠకులు, బసవనగుడి, బెంగళూరు