ఎల్ఎల్‌ఎం జ్యూరిస్‌ప్రుడెన్స్‌ను గైడ్లకు వదిలేయకండి: ఒడిశా ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారాలు.

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఎల్ఎల్‌ఎం విద్యార్థులకు పాఠాలు చెప్పే తెలుగువాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. అడిగేది ఒక్కటే. జ్యూరిస్‌ప్రుడెన్స్ (చట్టం అంటే ఏమిటో విచారించే న్యాయ తత్వశాస్త్రం) చెప్పే తీరు, దానికి పరీక్ష పెట్టే తీరు రెండూ కలిపి మార్చండి. ఒకదాన్ని వదిలేసి రెండోదాన్ని మారిస్తే ఫలితం ఉండదు.

బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం ఎల్‌ఎల్‌బీలోనే జ్యూరిస్‌ప్రుడెన్స్ తప్పనిసరి పేపరు. ఆస్టిన్, కెల్సన్, పౌండ్ వంటి చట్ట సిద్ధాంతకారులు అక్కడే అయిపోతారు. పీజీలో మళ్లీ అదే వరస. ‘ఆస్టిన్ సిద్ధాంతాన్ని విమర్శనాత్మకంగా చర్చించండి’ అని అడుగుతారు. గైడులో ఉన్న ఐదు విమర్శలు దించేస్తే మార్కులు పడతాయి. ఆస్టిన్ 1832లో అచ్చేసిన ఉపన్యాసాల్లో ఒక్క పేజీ తిప్పకుండానే పట్టా చేతికొస్తుంది. అధ్యాపక అర్హత కోసం రాసే నెట్ పరీక్ష లా సిలబస్‌లో మొదటి యూనిట్ కూడా ఇదే. అక్కడ బిట్లు పెట్టడమే కాబట్టి ఎవరిది ఏ స్కూలో (ఏ సిద్ధాంత వర్గమో) గుర్తుంటే చాలనుకుంటున్నారు. ఏడాది ఎల్ఎల్‌ఎంలో పరిస్థితి ఇంకా ఇరుకు. యూజీసీ చెప్పిన మూడు తప్పనిసరి పేపర్లలో జ్యూరిస్‌ప్రుడెన్స్ పేరే లేదు.

దీని నష్టం పీజీ పరిశోధన వ్యాసమైన డిసర్టేషన్‌లో బయటపడుతుంది. మొదటి అధ్యాయంలో ప్లేటో నుంచి రాల్స్ దాకా అందరూ వస్తారు. రెండో అధ్యాయం నుంచి ఒక్కరి ఊసూ ఉండదు. సిద్ధాంతాన్ని ఒక తగాదా మీద పెట్టి చూడటం విద్యార్థికి ఎవరూ నేర్పలేదు మరి.

అలా పెట్టి చూడటానికి మన సరిహద్దు జిల్లాలను మించిన చోటు లేదని మా గట్టి నమ్మకం. కొరాపుట్ జిల్లా కొటియా గ్రామాలనే తీసుకోండి. వాటి మీద ఒడిశా, ఆంధ్ర తగాదా 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది, యథాతథ స్థితి ఉత్తర్వు వచ్చింది. 2021లో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా కోర్టు ధిక్కార పిటిషన్ వేసింది. ప్రజలు అలవాటుగా ఎవరికి లోబడతారో అతనే సార్వభౌముడని ఆస్టిన్ అన్నాడు. రెండు ప్రభుత్వాలూ తమదేనంటున్న ఊళ్లో ఆ సూత్రం ఎక్కడ విరుగుతుంది? హార్ట్ 1961లో చెప్పిన గుర్తింపు నియమం (ఏది చట్టమో తేల్చే మూల నియమం) అక్కడ ఒకటా, రెండా? ఈ రెండు ప్రశ్నలకు గైడులో జవాబు దొరకదు.

భూమి సంగతి ఇంకా లోతైనది. ఒడిశా షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1956 రెండో రెగ్యులేషన్ ఉంది. గిరిజనుడు గిరిజనేతరుడికి భూమి బదిలీ చేయడాన్ని అది అడ్డుకుంటుంది. గట్టు దాటితే ఆంధ్రలో 1 ఆఫ్ 70 అనే 1970 నాటి మొదటి రెగ్యులేషన్. దాని ప్రకారం అమ్మేది ఎవరైనా సరే, కొనేవాడు గిరిజనుడు కాకపోతే ఆ బదిలీ చెల్లదు. గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మినా అంతే. ఇక్కడ విద్యార్థులు ‘అతనికి అమ్మే హక్కు లేదు’ అని రాసి ఊరుకుంటారు. తప్పు అక్కడే జరుగుతోంది. హోఫెల్డ్ 1913లో విడదీసింది సరిగ్గా ఈ ముడినే. ఆ రైతు భూమిలోకి ఇతరులు చొరబడకూడదు, అది అతని క్లెయిమ్, ఇతరుల డ్యూటీ. అమ్మి ఇంకొకరికి టైటిల్ ఇచ్చే పవర్ మాత్రం అతనికి లేదు, అది డిసెబిలిటీ. డ్యూటీ తప్పితే నేరమో నష్టపరిహారమో రావచ్చు. పవర్ లేకుండా చేసిన పని మాత్రం ముందు చెల్లకుండా పోతుంది. ఈ తేడా తెలియని లాయరు దావాలో ఏం కోరాలో తేల్చుకోలేడు. ఇంకో మెట్టు ఎక్కితే, ఒకే ఊరి మీద రెండు రాష్ట్రాలూ తమ రెగ్యులేషనే చెల్లుతుందంటే ఏం చేయాలి? చట్టం విఫలమయ్యే ఎనిమిది దారులు చెప్పిన ఫుల్లర్ దగ్గరికి, వాటిలో పరస్పర విరుద్ధమైన నియమాల దగ్గరికి విద్యార్థి తనంతట తనే వెళ్తాడు.

నియమగిరి కూడా అలాంటిదే. అక్కడి బాక్సైట్ తవ్వకాలపై 2013 ఏప్రిల్ 18 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత రాయగడ, కలహండి జిల్లాల్లో 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ తవ్వకాలు వద్దన్నాయి. అక్కడి గిరిజనులైన డొంగ్రియా కొంధుల కట్టుబాటు 2006 అటవీ హక్కుల చట్టం గుర్తించాక చట్టమైందా, అంతకు ముందే చట్టమా? హార్ట్ పక్షాన ఒకరు, జనం పాటించే కట్టుబాటే చట్టమన్న ఎర్లిక్ పక్షాన ఒకరు తీర్పు పేరాలు చూపించి వాదించాలి.

ఇక పద్ధతి. సెమిస్టర్ 15 వారాలనుకుంటే 12 మూల పాఠాలు చాలు, ఒక్కోటి 20 నుంచి 30 పేజీలు. కాలక్రమంలో మొదలుపెట్టకూడదు. చట్టానికీ నీతికీ ఉన్న సంబంధం మీద హార్ట్, ఫుల్లర్ల 1958 వాదంతో మొదలుపెట్టాలి. అందులో ఒకరికొకరు జవాబు చెప్పుకుంటారు కాబట్టి విద్యార్థి ఏదో ఒక పక్షం తీసుకోక తప్పదు. పక్కనే ఎమర్జెన్సీ నిర్బంధాలపై వచ్చిన 1976 ఏడీఎం జబల్‌పూర్ తీర్పు, అందులో జస్టిస్ ఖన్నా అసమ్మతి చదివించాలి. ఆ తర్వాతే ఆస్టిన్. క్లాసుకు ముందే ప్రతి ఒక్కరూ ఒక పేజీ రాసివ్వాలి. రచయిత వాదన రెండు వాక్యాల్లో, ఎవరిని ఖండిస్తున్నాడు, ఏ ఉదాహరణ మీద ఆధారపడ్డాడు, దానికి ఒక అభ్యంతరం. బృందానికి 15 మంది దాటకూడదు. ఇప్పటి సెమినార్‌లో ఒకరు పీపీటీ చదువుతుంటే మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారంటే, పాఠం చదివింది ఆ ఒక్కరే కావడం వల్ల. చర్చ తెలుగులోనో ఒడియాలోనో సాగనివ్వండి, రాత ఇంగ్లీషులో ఉంటుంది.

పరీక్షలో 100కి 40 మార్కులు ముందెన్నడూ చూడని తీర్పు భాగానికి, 30 సమస్యకి, 30 వ్యాసానికి ఇవ్వాలి. పాయింట్లు లెక్కపెట్టి కాకుండా కారణాలు చూసి దిద్దాలి.

సిలబస్ తేల్చేది విశ్వవిద్యాలయ బోర్డ్ ఆఫ్ స్టడీస్ అని తెలుసు. ఖాళీ పోస్టులు నింపడం, లైబ్రరీకి మూల గ్రంథాలు కొనిపించడం, ప్రశ్నపత్రాల మాదిరి మార్చమని విశ్వవిద్యాలయాలను కోరడం మాత్రం మీ చేతిలో పని. వీటిలో పోస్టులే ముందు. వారం వారం పేజీలు దిద్దే మనిషి లేకపోతే పైన చెప్పిందంతా కాగితం మీదే ఉంటుంది. పాఠాల ఎంపిక, మాదిరి ప్రశ్నపత్రం, దిద్దే సూచనలు మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. వచ్చే విద్యా సంవత్సరానికి ముందు కబురు చేస్తే తెచ్చి ఇస్తాం.

ఇట్లు,
సరిహద్దు జిల్లాల తెలుగు న్యాయశాస్త్ర అధ్యాపకులు