కిట్టూ, ఫోన్ మోగితే తియ్యి

నాన్నా కిట్టూ,

నువ్వు ఫోన్ చేసి ఇరవై నాలుగు రోజులైంది. లెక్కపెట్టుకుంటూ కూర్చోలేదులే, క్యాలెండర్ ఎదురుగా ఉంది కాబట్టి తెలిసింది. మేం బాగానే ఉన్నాం. నాన్నగారి మోకాలి నొప్పి తగ్గింది. ముందు గదికి రంగులు వేయించాం. సరళత్త వచ్చి వెళ్లింది. ఏదో అంది కూడా, అది తర్వాత రాస్తాను.

రంగులతో పాటు స్విచ్‌బోర్డు కూడా మార్పించారు మీ నాన్న. తలుపుకు కుడివైపున్నది ఎడమవైపుకు వచ్చింది, కాస్త కిందకి. మొదటి రోజు చీకట్లో వెళ్లి ఉత్తి గోడను తడుముతూ నిలబడ్డాను. పందొమ్మిదేళ్ల అలవాటు మరి. "ఎడమవైపు, ఎడమవైపు" అనుకుంటూనే వెళ్లేదాన్ని, తీరా గుమ్మం దాటేసరికి కుడిచెయ్యి లేచేది. కొత్త రంగు మీద నా వేళ్ల మరకలని మీ నాన్న ఒకటే సణుగుడు. నాకూ పంతం వచ్చింది. పనున్నా లేకపోయినా రోజుకు పదిసార్లు వెళ్లి లైటు వేసి, ఆర్పి వచ్చేదాన్ని. పదో రోజో పదకొండో రోజో, ఉతికిన బట్టలు ఒక చేత్తో పట్టుకుని వెళ్లి, అవి మంచం మీద పడేశాక చూసుకున్నాను, లైటు వెలుగుతోంది! ఎప్పుడు వేశానో నాకే తెలియదు. అయినా మొన్న రాత్రి నిద్రమత్తులో మళ్లీ పాత గోడే తడిమాను. పాత దారి చెరిగిపోలేదన్నమాట.

సరళత్త అన్నదేమిటంటే, "ఇది నా బుర్రకెక్కదు, కోర్సు మానేస్తా" అన్నావట వాళ్ల బాబీతో. నిజమా అని నేను అడగడం లేదు.

కానీ బుర్రకెక్కదు అనే మాట బయాలజీ టీచరు కొడుకు అనకూడదు. దాదాపు ఎనిమిది వేల ఆరొందల కోట్ల న్యూరాన్లు, అంటే నాడీకణాలు, ఉన్నాయి తలలో. ఒకటి గ్లుటమేట్ అనే రసాయనం వదిలితే, అవతలి దాని మీదున్న గ్రాహకాలు అందుకుంటాయి. రెండూ కలిసి పదేపదే పనిచేస్తే అవతలి దానిలోకి కాల్షియం చొరబడి, ఇంకొన్ని గ్రాహకాలను పైకి రప్పిస్తుంది. తర్వాత అదే కబురు గట్టిగా వినబడుతుంది. అది ఎక్కువ కాలం నిలవాలంటే కొత్త ప్రోటీన్లు తయారవ్వాలి, దానికి గంటలు పడుతుంది. నువ్వేమో పరీక్ష ముందు రాత్రంతా మేలుకుని, పొద్దున్నకల్లా అంతా వచ్చేయాలంటావు. పదో తరగతి నుంచీ ఇంతే. సరే, లెక్చర్ ఇవ్వనని నాన్నగారికి మాటిచ్చాను.

సముద్రపు నత్త గురించి మాత్రం చెప్పి ఆపేస్తాను. ఎరిక్ కాండెల్ వాళ్లు 1972లో చేసిన ప్రయోగం. దాని నాడీ వ్యవస్థ మొత్తం ఇరవై వేల న్యూరాన్లే. మెల్లగా తాకితే మొప్పను లోపలికి ముడుచుకుంటుంది. రోజుకు పదిసార్లు చొప్పున నాలుగు రోజులు తాకితే, ప్రమాదమేమీ లేదని గ్రహించి పట్టించుకోవడం తగ్గించేసింది. ఆ పాఠం మూడు వారాలు నిలిచింది! తోక మీద షాక్ పెట్టినప్పుడు మాత్రం దీనికి వ్యతిరేకంగా, తాకితే ఇంకా గట్టిగా ముడుచుకుంది. రోజుల తరబడి అలా చేస్తే, కబురు పంపే న్యూరాన్ల కొసల్లో పక్క కణంతో కలిపే కొత్త అతుకులు పుట్టుకొచ్చి దాదాపు రెట్టింపయ్యాయి. ఈ పరిశోధనలకే ఆయనకు 2000లో నోబెల్ వచ్చింది. బుర్రంటూ పెద్దగా లేని నత్తకే అలా అయితే, నీకేం తక్కువ?

ఇప్పుడు అనిపిస్తోంది, నా ఫోన్ మోతకు నువ్వూ ఆ నత్తలాగే అలవాటు పడిపోయావేమోనని. పోయిన వారం నాలుగుసార్లు చేశాను. మోగి మోగి ఆగిపోయింది. నీ దగ్గర చార్జర్ పాడైందంటారు నాన్నగారు. పాడైతే కొత్తది కొనుక్కో, డబ్బులు వేస్తాను.

రాత్రి పన్నెండు దాటాక చదవకు. చదివింది బాగా గట్టిపడేది నిద్రలో. అక్క పెళ్లప్పుడే నీ కళ్లద్దాల కాడ వదులైపోయింది, జారిపోతుంటే వేలితో పైకి తోసుకుంటూ చదువుతుంటావు. బాగు చేయించావా?

ఆదివారం పొద్దున మళ్లీ చేస్తాను. ఎత్తు. కోర్సు ఊసు నేను తీయను.

అమ్మ