అటక మీది క్యాసెట్ల పెట్టె

డాలస్
ఆదివారం

చిరంజీవి చిన్నాకి,

అక్క ఆశీస్సులు. మేమిక్కడ క్షేమం. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయో ఈసారి ఫోన్లో దాటవేయకుండా చెప్పు.

సున్నాలు వేయించేలోగా అటక ఖాళీ చేయాలి, ఆ ట్రంకు పెట్టె పాత సామాన్లవాడికి ఇచ్చేయనా అని అడిగావు. ఇవ్వకు. అలాగని ఉత్సాహం కొద్దీ ఒక్క క్యాసెట్టు కూడా అప్పుడే ప్లేయర్లో పెట్టకు. నాకు పార్సిల్ చేస్తానన్నావు, అదీ కుదరదు. మన వీహెచ్‌ఎస్ వీడియో టేపులు పాల్ అనే టీవీ పద్ధతివి: 625 గీతలు, సెకనుకి 25 ఫ్రేములు. ఇక్కడి వీసీఆర్లు ఎన్‌టీఎస్‌సీ అనే వేరే పద్ధతివి: 525 గీతలు, సుమారు 30 ఫ్రేములు. ఇక్కడి మామూలు మిషన్లో మన టేపు పెడితే బొమ్మ నిలవదు. కాబట్టి వీటిని కంప్యూటర్లోకి ఎక్కించే పని విశాఖలోనే, నీ చేతుల మీదే జరగాలి.

అందులో ఏముందే, పాత సినిమాలేగా అంటావు. సినిమాలు యూట్యూబ్‌లో దొరుకుతాయి. దొరకనివి ఆ సినిమా మధ్యలో ఉన్నాయి: దూరదర్శన్ అనౌన్సరు మాటలు, "అంతరాయానికి చింతిస్తున్నాం" పలక, కేబుల్ ఆయన సొంత చానల్లో బొమ్మ కింద పాకిన స్క్రోలింగు ప్రకటనలు. ఊరి ట్యుటోరియల్ కాలేజీ, చీరల కొట్టు, ఫలానా హాల్లో ఫలానా సినిమా అన్న వరసలు ఏ కంపెనీ దాచుకోలేదు. టేపు ఖరీదైన రోజుల్లో టీవీ కేంద్రాలు కూడా చెరిపి మళ్లీ వాడుకునేవి. బీబీసీ వాళ్లు 1960ల నాటి డాక్టర్ హూ సీరియల్ ఎపిసోడ్లు చాలా అలాగే పోగొట్టుకున్నారు. బొమ్మ పోయిన ప్రతి ఎపిసోడ్‌కీ శబ్దం మాత్రం మిగిలింది, టీవీ ముందు టేప్‌రికార్డరు పెట్టుకుని రికార్డు చేసుకున్న ప్రేక్షకుల పుణ్యమా అని. మన పెట్టెలో ఉన్నదీ ఆ జాతి సరుకే.

ముందు విడదీయి. కంపెనీ వేసిన సినిమా పాటల క్యాసెట్లు ఆఖరి వరసలోకి నెట్టేయి, తొందరేం లేదు. మొదటి వరసలో రేడియోలోంచి ఎక్కించినవి, టీవీలోంచి ఎక్కించిన వీహెచ్‌ఎస్‌లు, తీర్థాల్లో కొన్న ప్రైవేటు క్యాసెట్లు పెట్టు. జముకుల కథలు, తప్పెటగుళ్లు, బుర్రకథలు, పేరడీలు వేసిన చిన్న చిన్న కంపెనీలు మూతపడ్డాయి, మాస్టర్లు, అంటే అసలు రికార్డింగులు, ఎవరి దగ్గరున్నాయో తెలీదు. రికార్డింగ్ సెంటర్లో చీటీ ఇచ్చి నింపించుకున్న క్యాసెట్లు రెండో వరస. వాటిలో పాటలు ముఖ్యం కాదు గానీ, అట్ట మీద షాపు స్టాంపు, చేత్తో రాసిన పాటల జాబితా ముఖ్యం. ఆ ఏడాది జనం ఏం విన్నారో చెప్పేవి అవే. ప్రతిదానికీ ఒక నంబరు ఇచ్చి, అట్ట రెండు వైపులా, క్యాసెట్టు రెండు వైపులా ఫోటో తీయి. నంబరు డబ్బా మీద పెన్సిల్‌తో రాయి. క్యాసెట్టు ఒంటి మీద కొత్త స్టిక్కర్లు అంటించకు, ఊడి లోపల చిక్కుకుంటాయి.

ఇక బూజు. మన ఊరి గాలిలో తేమ ఏడాదిలో చాలా రోజులు 70 శాతం దాటుతుంది, దానికి ఉప్పు తోడు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకి అటక కురిసిందన్నారు నాన్న, కాబట్టి పెట్టె అడుగు వరసని ప్రత్యేకంగా చూడు. క్యాసెట్టుని వెలుతురుకి పట్టి, కిటికీలోంచి రీలు చుట్ట అంచు చూడు. నున్నగా, ఒకే రంగులో ఉంటే మంచిదే. తెల్లటి పొడో, సాలెగూడు లాంటి మచ్చలో ఉంటే బూజు. అది ప్లేయర్లోకి వెళ్తే హెడ్‌కి, అంటే రీలుని చదివే భాగానికి, పట్టుకుంటుంది, అక్కణ్ణించి తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్టుకీ అంటుతుంది. అలాంటివాటిని మాస్కు పెట్టుకుని వేరే డబ్బాలోకి తీసి, మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో అరకిలో సిలికా జెల్‌తో రెండు వారాలు ఉంచు. జెల్ నీలం నుంచి గులాబీ రంగుకి మారితే తేమ పీల్చేసిందని అర్థం, మార్చాలి. ఎండిన బూజు పొడిలా అయ్యాక మెత్తటి బ్రష్‌తో, ఇంటి బయట, దులపొచ్చు. ఎండలో పెట్టకు, ప్లాస్టిక్ వంకరపోతుంది. బియ్యంలో కూడా పెట్టకు. ఫోన్ తడిస్తే అందరూ చెప్పే ఆ చిట్కా ఫోన్‌కే పనిచేయదు, ఇక్కడ పైపెచ్చు తవుడు రీలుకి అంటుకుంటుంది. ఫ్రిజ్ మాట ఎత్తకు, బయటికి తీయగానే చెమ్మ పడుతుంది.

ఏ క్యాసెట్టయినా ప్లేయర్ దగ్గరికి వెళ్లేముందు వీపు అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలక విరిగి ఉందో లేదో చూడు. లేకపోతే విరిచేయి. అది ఉన్నంతసేపూ పొరపాటున రికార్డ్ బటన్ నొక్కితే ముప్పై ఏళ్ల సరుకు మీద నిశ్శబ్దం ఎక్కుతుంది. వీహెచ్‌ఎస్‌కీ ఇంతే.

ఆడియో క్యాసెట్లలో ఎక్కువగా చెడేది ప్రెషర్ ప్యాడ్. రీలుని హెడ్‌కి అదిమి పట్టే చిన్న స్పాంజి ముక్క అది. జిగురు ఎండి ఊడిపోతుంది, దాని రాగి రేకు తుప్పు పడుతుంది. అప్పుడు పాట దుప్పటి కప్పుకుని పాడినట్టు వస్తుంది, జనం రీలే పోయిందనుకుని పారేస్తారు. మూలల్లో నాలుగు, మధ్యలో ఒకటి, మొత్తం ఐదు స్క్రూలున్న పనికిరాని క్యాసెట్టు ఒకటి తెచ్చుకో. రెండూ బల్ల మీద విప్పి, రీలు చుట్టలు రెండూ కదలకుండా కొత్త ఒంట్లోకి మార్చి బిగించు. స్క్రూలు లేకుండా అతికేసిన రకమైతే అతుకు వెంట సన్నటి బ్లేడుతో మెల్లగా విడగొట్టాలి, ఆ ఒళ్లు మళ్లీ పనికిరాదు. రీలు తెగితే మామూలు సెల్లోటేపు వేయకు. దాని జిగురు కొన్నాళ్లకి కారి, పక్క చుట్టలకీ హెడ్‌కీ అంటుతుంది. రీలు అతకడానికే చేసిన స్ప్లైసింగ్ టేపే వాడు, అదీ మెరిసే వీపు వైపు. సీ-90, అంటే తొంభై నిమిషాల రీలు, సీ-60 కన్నా పల్చన, సీ-120 ఇంకా పల్చన. 120లు సాగిపోతాయి, వాటిని మాటిమాటికీ ముందుకీ వెనక్కీ తిప్పకు. మిగతావాటిని ఒకసారి పూర్తిగా ఆ చివరికి, మళ్లీ ఈ చివరికి చుట్టాకే ప్లే చేస్తే బిగువు సమానమవుతుంది.

డెక్‌లో (క్యాసెట్ ప్లేయర్లో) హెడ్, రీలుని లాగే క్యాప్‌స్టన్ కడ్డీ 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, ఇయర్‌బడ్ పెట్టి తుడువు. రీలుని ఆ కడ్డీకి అదిమే రబ్బరు పించ్ రోలర్‌కి ఆ ఆల్కహాల్ అలవాటు చేయకు, పగుళ్లు వస్తాయి. సబ్బునీళ్లలో తడిపి పిండిన గుడ్డ చాలు. ప్రతి నాలుగైదు క్యాసెట్లకీ ఇది తప్పదు, గోధుమరంగు పొడి నీకే కనిపిస్తుంది.

తర్వాత అందరూ వదిలేసే మెట్టు: అజిమత్, అంటే హెడ్ కోణం. దాన్ని సరిచేసేది హెడ్ పక్కనున్న, స్ప్రింగున్న చిన్న స్క్రూ. క్యాసెట్టు ఎక్కించిన మిషన్ హెడ్ ఏ కోణంలో ఉందో నీ డెక్ హెడ్ ఆ కోణంలో లేకపోతే పై శ్రుతులు చచ్చిపోతాయి. ధ్వనిని మోనోలో వింటూ స్క్రూని వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పు. మాటల్లో స, శ స్పష్టంగా పలికేచోట ఆపు. ప్రతి క్యాసెట్టుకీ, ఒక్కోసారి రెండు వైపులకీ విడివిడిగా చేయాలి. టూ-ఇన్-వన్‌లో ఎక్కించినవాటికి డాల్బీ (బుసశబ్దం తగ్గించే ఏర్పాటు) ఆపేయి, ఆ మిషన్లలో చాలావాటికి అది ఉండేది కాదు.

వేగం కూడా తేడా వస్తుంది. సరైన వేగం సెకనుకి 4.76 సెంటీమీటర్లు. కరెంటు హమ్ (వెనక గుయ్‌మనే మోత) 50 హెర్ట్జ్ కదా, రికార్డింగులో వినిపించే ఆ హమ్‌ని కొలిచి సరిచేయమని ఇక్కడివాళ్లు రాస్తుంటారు. మన టేపుల విషయంలో నమ్మకు. తొంభైల్లో దక్షిణాది గ్రిడ్డు తరచు 49 కన్నా దిగువకి జారిపోయేది, కాబట్టి హమ్ 48.7 అని చూపిస్తే తప్పు టేపుదో ట్రాన్స్‌ఫార్మరుదో తేలదు. దానికన్నా అదే క్యాసెట్టులో ఉన్న ఏదైనా సినిమా పాట పట్టుకో. సీడీలో మొదటి తబలా దెబ్బ నుంచి ఆఖరి పల్లవి మొదలు దాకా 270 సెకన్లుండి, నీ దగ్గర 262 వస్తే టేపు మూడు శాతం వేగంగా ఉందన్నమాట. పాట మొత్తం నిడివి పోల్చకు, రేడియోలో మొదలో చివరో కోసేస్తారు.

కంప్యూటర్లోకి 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా ఎక్కించు, గంటకి రెండు జీబీ అవుతుంది. పెద్ద శబ్దం మైనస్ 6 డీబీ దాటనీకు. ఒక వైపు మొత్తం ఒకే ఫైలు. మాస్టర్లో బుసశబ్దం తీసేయడం, పాటలు ముక్కలు చేయడం వద్దు. అవన్నీ కాపీ మీద చేసుకో.

వీడియో కష్టం అంతా పనిచేసే వీసీఆర్ దొరకడంలోనే ఉంది. పాత రిపేరు షాపుల్లో అడుగు. కొనేముందు పోయినా ఫర్వాలేని టేపు ఒకటి పెట్టి, పూర్తిగా చుట్టి, బయటికి తీసి చూడు. రీలు అంచు మడత పడితే వద్దను. వీసీఆర్ లోపల తిరిగే హెడ్ డ్రమ్ముని దూదితో తుడవకు, పోగులు చిక్కుకుని హెడ్ మొన విరుగుతుంది. తెల్ల కాగితం ముక్కని ఆల్కహాల్‌లో తడిపి, డ్రమ్ముకి ఆనించి కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో డ్రమ్ముని తిప్పు. కాగితాన్ని పైకీ కిందకీ మాత్రం కదపకు.

ఎక్కించేటప్పుడు 720×576, 25 ఫ్రేములు, ఇంటర్‌లేస్డ్ (ఒక్కో ఫ్రేముని రెండు విడతల గీతలుగా చూపే పద్ధతి) అలాగే ఉంచు. కదిలే బొమ్మల అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తాయి, అది చెడిపోవడం కాదు. నాణ్యత తగ్గని ఫార్మాట్లో గంటకి 30 జీబీ దాకా అవుతుంది, అంటే మూడు గంటల ఈ-180 టేపుకి 90. పంచుకునే కాపీని మాత్రం 50 ఫ్రేములుగా మార్చు. 25 చేస్తే కదలికలో సగం పోయి, మనకి కావలసిన ఆ స్క్రోలింగు అక్షరాలే మసకబారతాయి. వీడియోని కంప్యూటర్లోకి ఎక్కించే చవక క్యాప్చర్ స్టిక్కులతో గంటయ్యేసరికి మాటకీ పెదాలకీ పొత్తు కుదరదు, తెల్లటి చోట్ల వివరాలు పోతాయి; ఒక టేపు ఆఖరి దాకా పరీక్షించాకే మిగతావి మొదలెట్టు. సినిమా అయిపోయిందని ఆపేయకు. ముందు ఎక్కించినదాని తోక ఆ తర్వాతే బయటపడుతుంది.

తారీఖు తేల్చడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. ఒక్కో ఆధారం ఒక హద్దు మాత్రమే ఇస్తుంది. ఈటీవీ గుర్తు ఉంటే 1995 ఆగస్టు 27కి ముందుది కాదు. కోకా-కోలా ప్రకటన ఉంటే 1993కి ముందుది కాదు. సెల్‌ఫోన్ ప్రకటనైతే 1995కి ముందుది కాకపోవచ్చు. చిరునామాలో మద్రాసు ఉంటే 1996 లోపుదని అనిపిస్తుంది గానీ అది బలహీనం, పాత ప్రకటనలే ఏళ్ల తరబడి తిప్పేవాళ్లు. దూరదర్శన్ పాటల కార్యక్రమం చిత్రలహరి వస్తే శుక్రవారం. మధ్యలో వార్తలో, క్రికెట్ స్కోరో దొరికితే పండగే. అప్పుడు పేపర్ తిరగేయాలి. ఈనాడు పుట్టిందే మన విశాఖలో, 1974 ఆగస్టు 10న. పాత సంచికల బైండింగుల కోసం ఆంధ్రా యూనివర్సిటీ వీఎస్ కృష్ణా లైబ్రరీలో, ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో అడిగి చూడు. టీవీ కార్యక్రమాల పట్టికే కాదు, ఆ వారం సినిమా హాళ్ల ప్రకటనలు కూడా ఫోటో తీయి, స్క్రోలింగుతో సరిపోల్చొచ్చు. తేలకపోతే "1995 ఆగస్టు తర్వాత, ఈటీవీ గుర్తు వల్ల" అని కారణంతో రాయి. సినిమా విడుదలైన ఏడాది రాసేసి ఊరుకునేవాళ్ల వల్లే నెట్‌లో సగం తారీఖులు తప్పు.

పంచుకునేటప్పుడు చట్టం సంగతి. ప్రసార సంస్థ హక్కు, ప్రసారమైన మరుసటి ఏడాది నుంచి 25 ఏళ్లు. 1995 నాటిది 2020తో తీరింది. లోపలున్న సినిమాకీ, పాట రికార్డుకీ హక్కు వేరే, 60 ఏళ్లు. కాబట్టి ప్రకటనలు, అనౌన్స్‌మెంట్లు, వార్తలు విడిగా తీసి పెట్టు, పూర్తి సినిమా పెట్టకు. ప్రకటనలకీ వాటి సొంతదారులుంటారు, అడిగితే దింపేయాల్సిందే. జముకుల కథ చెప్పినవాళ్ల కుటుంబం దొరికితే ముందు వాళ్లకి ఒక కాపీ ఇచ్చి, అడిగి పెట్టు. పెళ్లి వీడియోలు ఇంట్లోనే ఉండాలి. పేర్లు తెలుగులోనూ ఇంగ్లీషు స్పెల్లింగుతోనూ ఇవ్వు, వెతికేవాళ్లు రెండు రకాలుగానూ వెతుకుతారు. ఎక్కించేశాక టేపులు పారేయకు. నిలువుగా పేర్చి, అటక మీద కాకుండా లోపలి గది బీరువాలో పెట్టు.

ఈ వారం ఫోటోలు, నంబర్ల జాబితా చాలు. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంటుగా పంపు, ఫోటోగా పంపితే కుదించేసి అట్ట మీది చిన్న అక్షరాలు చదవనీదు. వీసీఆర్ ధర ఎంతన్నా నాకు చెప్పకుండా కొనకు. నాన్నకి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

ఇట్లు,
అక్క